పన్ను తీయబడినది

ఆర్థిక మంత్రి గారి పన్ను స్టీలు పళ్లెంలో ఉంది. తెల్లగా, ఎక్కడా పుచ్చు లేకుండా, వేరుతో సహా ఉంది. మంత్రి గారు కుర్చీలో వెనక్కి వాలి, కింది పెదవి ఓ పక్కకి జారిపోయి, మా అందరి వంకా మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన ఆ ఉదయం కుర్చీలో కూర్చున్నది పన్ను తీయించుకోవడానికి కాదు, ఫొటో తీయించుకోవడానికి.

ఇన్‌స్పెక్టర్ మారీ నూకాలు దంతవైద్య శిబిరం హాలు తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎవరు పీకినారు?" అంది.

ప్రిన్సిపాల్ డాక్టర్ పరాంకుశం గొంతు సవరించుకున్నారు.

"పన్ను తీయబడినది."

"పడినాదా?" ఆమె నేల వైపు చూసింది. "పడితే కింద ఉండాల గదా. పళ్లెంలోకి ఎలగొచ్చింది?"

"పడలేదమ్మా. తీయబడినది."

"అదే, ఎవరు తీసినారు?"

"ఆ వాక్యంలో కర్త లేడు."

"కర్త నేకుండా పన్నెలగ ఊడతాది బాబూ?"

ప్రిన్సిపాల్ గారు జాలిగా నవ్వారు. ఆమె తప్పు కాదు. ఆమె ముత్తాతలు కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల పనికి ఈ సాంత్ రోజెల్ దీవికి వచ్చేటప్పుడు ఉప్పుచేపలు తెచ్చుకున్నారు, నూకాలమ్మ పటం తెచ్చుకున్నారు, తిట్లన్నీ తెచ్చుకున్నారు. 'బడు' మాత్రం తెచ్చుకోలేదు. ఆఫీసు మొహం చూడని తెలుగు అది. అందులో ఎవరైనా ఏదైనా చేస్తే, చేశారనే అంటారు.

ఇన్‌స్పెక్టర్ తన చట్టం చెప్పింది. అది చాలా చిన్నది.

"మా దీవిలో బాగున్న పన్ను పీకితే గాయం సేసినట్టే లెక్క. పీకినోడు ఇక్కడుంటాడు. మిగతావోళ్లు సాయంత్రం ఇమానం ఎక్కిపోవచ్చు. ఎవురో మీలో మీరే తేల్చుకోండి. తేల్చింది మంత్రిగారి ముందల సదవండి. ఆయన కాదనకపోతే నాను తలుపు తీస్తాను."

 మా అందరి చూపులూ, ముందే మాట్లాడుకున్నట్టు, ఒకే మనిషి మీద వాలాయి. దాసరి నిస్సి. ఫైనలియర్ అమ్మాయి. చీరాల వైపు నుంచి వచ్చింది, మొత్తం బ్యాచిలో చెయ్యి తేలికని పేరు. ఇంకో నెలలో డాక్టరు. మంత్రిగారికి తిమ్మిరి సూది వేసింది, పటకారు పట్టుకున్నది ఆమే.

"నేను తీయలేదు సార్," అంది నిస్సి.

"తీశావని ఎవరన్నారమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "తీయబడినదన్నాం."

*

నేను భూపాల్ మెమోరియల్ దంతవైద్య కళాశాల ప్రజాసంబంధాల అధికారిని. చైర్మన్ బొప్పూడి భూపాల్‌బాబు గారు నిక్షేపంగా ఉన్నారు. పోయాక పేరు పెట్టేవాళ్లు ఉంటారో లేదోనని బతికుండగానే మెమోరియల్ పెట్టుకున్నారు. ముందుచూపున్న మనిషి. నిరుడు ఒక విశ్వవిద్యాలయం ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పట్నుంచీ తెల్లకోటు విప్పలేదు.

ఈ శిబిరం పుట్టుక గురించి చెప్పాలి.

మా కళాశాలకి ఆ ఏడాది అంతర్జాతీయ స్థాయి కావలసి వచ్చింది. పై నుంచి వచ్చిన నిబంధన ప్రకారం ప్రతి విద్యార్థీ విదేశంలో సేవ చేసి ఉండాలి. సేవ అంటే ఏమిటని మేం అడిగితే, కొలవగలిగేది ఏదైనా సేవే అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఆలోచించి, దంతవైద్యంలో కొలవగలిగేది పన్నేనని తేల్చారు. మర్నాడు నోటీసు బోర్డు మీద కొత్త నియమం వెలిసింది. విదేశీ పన్ను లేనిదే డిగ్రీ లేదు.

ఏ దేశపు పన్ను అన్నది సమస్య. అది కూడా దైవికంగా తీరింది. ప్రవాసాంధ్రుల సభ ఒకటి విజయవాడలో జరిగింది. దానికి సాంత్ రోజెల్ నుంచి ఆర్థిక మంత్రి ఎర్రన్న గారు వచ్చారు. తాతల నాటి తెలుగులో మాట్లాడారు.

"మా దీవిలో ఎవులికీ పన్ను నేదు," అన్నారు. "పిల్లోడి కాడ్నుంచి ముసిలోడి దాకా ఒక్కడికంటే ఒక్కడికీ పన్ను నేదు. అయినా సుకంగా ఉన్నాం. మీరూ రండి."

వేదిక మీద భూపాల్‌బాబు గారు కళ్లు తుడుచుకున్నారు.

"పన్ను లేకపోయినా సుఖంగా ఉన్నామంటున్నారయ్యా," అని నా చెవిలో అన్నారు. "ఏం సహనం. చిన్నపిల్లలక్కూడా లేవంట."

అక్కడికక్కడే మైకు తీసుకుని, నలభై మంది విద్యార్థుల్ని, మూడు పెట్టెల కట్టుడు పళ్లనూ ఆ దీవికి పంపుతున్నట్టు ప్రకటించారు. ఎర్రన్న గారికి విషయం అర్థం కాలేదు గానీ, తమ దీవికి నలభై మంది వస్తున్నారని అర్థమై చప్పట్లు కొట్టారు. ఆయన ఆర్థిక మంత్రి. ఆర్థిక మంత్రి పన్ను గురించి మాట్లాడితే అది నోట్లోది కాకపోవచ్చునన్న అనుమానం మాలో ఎవరికీ రాలేదు. మేం దంతవైద్య కళాశాల వాళ్లం.

దీవిలో విమానం దిగగానే కస్టమ్స్ అధికారి మమ్మల్ని చూసి నిండుగా నవ్వాడు. పళ్లన్నీ ఉన్నాయి.

"ఈయన మినహాయింపు అయి ఉండవచ్చు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

టాక్సీ డ్రైవరు కూడా మినహాయింపే. హోటలావిడ, ఆవిడ అత్తగారు, దారిలో చెరకు గడ నమిలి ఉమ్ముతున్న తాతలు, అందరూ మినహాయింపులే. చిన్నప్పట్నుంచీ చెరకు చీల్చి చీల్చి ఆ దీవిలో పళ్లు గునపాల్లా ఉన్నాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర నిస్సే ఆ మాట అంది.

"సార్, ఆయన చెప్పింది ట్యాక్స్ గురించేమో."

 ప్రిన్సిపాల్ గారు చేయి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పారు.

"కావచ్చు. అయితే ప్రకటించబడిన శిబిరం ఉపసంహరించబడదు."

అలా నలభై మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి ఒక్క పుచ్చుపన్ను కోసం, ఆ దీవి మీద పడ్డారు. తెల్లకోట్లు వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. నోరు తెరవమని బతిమాలారు. జనం మర్యాదస్తులు, తెరిచారు. లోపల వీళ్లకి పనికొచ్చేది ఏదీ కనిపించలేదు. ఒక ముసలాయనకి కదిలే పన్ను ఉందని తెలిసి ఆయన గుమ్మం ముందు పదకొండు మంది వరస కట్టారు. ఆయన భయపడి కొడుకు పడవలో పక్క దీవికి వెళ్లిపోయాడు. కట్టుడు పళ్ల పెట్టెల్లో ఒకటి ఎవరో తెరిచి వదిలేస్తే పిల్లలు అవి పట్టుకుపోయి సముద్రం ఒడ్డున చిడతల్లా వాయించుకుంటున్నారు.

ప్రిన్సిపాల్ గారు 'దంత సమస్యల ప్రోత్సాహక పథకం' రూపొందించారు. దాని ప్రకారం కాకినాడ కాజాలు, జీడిపాకం ఇంటింటికీ ఉచితంగా పంచాం. జనం తిని, బాగున్నాయని చెప్పి, వేపపుల్లతో పళ్లు తోముకున్నారు.

"మరీ మొండి జనం," అన్నారు చైర్మన్ గారు.

చివరికి ప్రారంభోత్సవం రోజు వచ్చింది. రోగి లేడు. రోగి లేకుండా ఫొటో ఎలాగని నేను ఎర్రన్న గారిని కలిసి విన్నవించుకున్నాను. ఆయన అతిథుల్ని నొప్పించే మనిషి కాదు.

"నోరు తెరుసుకుని కూకుంటే సాలా?" అన్నారు.

చాలన్నాను.

*

మన వైపు రిబ్బను ఎలా కత్తిరిస్తారో మీకు తెలుసు. కత్తెర ఒకటే ఉంటుంది. దాన్ని ముఖ్య అతిథి పట్టుకుంటారు. ఆయన చేతి మీద సభాధ్యక్షులు చెయ్యి వేస్తారు. దాని మీద విశిష్ట అతిథి, ఆ పైన ఆత్మీయ అతిథి. చెయ్యి దొరకనివాడు మోచేయి పట్టుకుంటాడు, అదీ దొరకనివాడు భుజం ముట్టుకుంటాడు. రిబ్బను ఎవరు కత్తిరించారంటే అందరూ. ఇది మన సంస్కృతి. ఇంతవరకూ ఇందులో ఎవరికీ గాయం కాలేదు, ఎందుకంటే ఇంతవరకూ ఇది రిబ్బన్లతోనే జరిగింది.

ఆ రోజు రిబ్బనుకి బదులు పన్ను. 'అమృత హస్తాలతో తొలి దంత సేవ' అని బ్యానరు రాయించాను. పటకారు పన్నుకి ఆనించి ఫొటో దిగడం, అంతే. ఇనుము తగిలితే మంత్రి గారికి జిల్లుమంటుందేమోనని, వి.ఐ.పి. మర్యాద కింద, కింది దవడకి ఓ పక్క నిస్సి చేత తిమ్మిరి సూది వేయించాం. పటకారు అడుగున పట్టుకోవడానికి ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉండాలి గనక నిస్సి పట్టుకుంది. ఆమె చేతి మీద పెద్దల చేతులు వరసగా పడ్డాయి. అన్నిటికంటే చివరిది నాది. పటకారు అందక ప్రిన్సిపాల్ గారి మోచేతి మీద పెట్టాను.

"సార్, అందరూ ఇటు చూడాలి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

చూశాం.

"ఇంకొక్కటి సార్. కొంచెం తీస్తున్నట్టు ఉండాలి."

టక్కుమంది.

తర్వాత ఫొటో తెప్పించి చూశాం. అందరి మొహాలూ దివ్యంగా వచ్చాయి. చేతులు రాలేదు.

"చేతులెవరిక్కావాలి సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు. "మొహం రాకపోతే నన్ను చంపేస్తారు గానీ."

నలభై మంది విద్యార్థుల ఫోన్లూ ఇన్‌స్పెక్టర్ లాక్కుని చూసింది. అందరూ సెల్ఫీలు తీసుకున్నారు. అంటే అందరూ వేదికకి వీపు పెట్టి ఉన్నారు, వాళ్ల తలల వెనక చేతులు దాగిపోయాయి.

*

విచారణ సంఘం అక్కడికక్కడే ఏర్పడింది. దానికి చైర్మన్‌గా చైర్మన్ గారే ఉన్నారు. మా కళాశాలలో క్యాంటీన్ కమిటీ నుంచి ర్యాగింగ్ నిరోధక కమిటీ దాకా అన్నిటికీ ఆయనే చైర్మన్. ప్రిన్సిపాల్ గారు సభ్యులు. నివేదిక రాసేవాణ్ణి నేను.

మొదటి సాక్షి మంత్రి గారే. ఆయన కళ్లతో చూశారు, నోరు ఆయనదే. ఏం జరిగిందని ఇన్‌స్పెక్టర్ అడిగీ అడగక ముందే ఆయన చెయ్యి ఎత్తి వేదిక వైపు వేలు చూపించారు. వేదిక మీద పెద్దలందరం ఉన్నాం. ఆ క్షణంలో అందరం ఒకరి వెనక ఒకరం సర్దుకోవడంతో ఆ వేలు ఎవరిని చూపిస్తోందో చెప్పడం కష్టమైంది.

"సెయ్యి సూపిస్తన్నాడు గదా," అంది ఇన్‌స్పెక్టర్.

"చెల్లదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "విచారణకి కావలసింది వాంగ్మూలం. వాక్కు మూలంగా వచ్చేది వాంగ్మూలం. వేలితో చూపిస్తే అది అంగుళీమూలం అవుతుంది. నిబంధనల్లో దానికి చోటు లేదు."

"పోనీ రాసిస్తాడు."

"మా విచారణ భాష తెలుగు. మంత్రి గారికి తెలుగు రాయడం వచ్చునా?"

రాదు. నాలుగు తరాలుగా ఆ దీవిలో తెలుగు నోట్లోనే ఉంది. ఆ నోరు ఇప్పుడు మొద్దుబారింది.

మంత్రి గారు అయినా ప్రయత్నించారు. కింది పెదవి పై పెదవిని కలవడం లేదు. గాలి పక్కనుంచి పోతోంది.

"హూహాల్ హాహు," అన్నారు.

హాల్లో నలభై మంది ఒక్కసారిగా నేల చూపులు చూశారు.

"ఏమన్నారు?" అన్నారు చైర్మన్ గారు.

"హాల్లో ఉక్కగా ఉందంటున్నారనుకుంటాను," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఫ్యాన్ పెంచండి."

ఫ్యాను పెంచాం. మంత్రి గారు మళ్లీ అదే మాట, ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం స్పష్టంగా అన్నారు. తిమ్మిరి ఒక పక్కే కదా. రెండో పక్క పనిచేస్తోంది. చైర్మన్ గారి నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాను చాలినట్టు లేదు.

"రోగి బాధలో ఉన్నారు," అన్నారాయన. "చూడలేకపోతున్నానయ్యా. పరాంకుశం గారూ, రెండో పక్కక్కూడా వేసేయండి."

"రెండో పక్కేం కాలేదు సార్," అంది నిస్సి.

"నొప్పి నివారణ నిమిత్తం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన పాఠాలు చెప్పడం మొదలెట్టాక నోట్లో సూది పెట్టి చాలాకాలమైంది. అయినా పెట్టారు. మంత్రి గారి కింది పెదవి ఇప్పుడు రెండు వైపులా సమానంగా వేలాడింది. సౌష్ఠవం వచ్చింది.

"ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు," అన్నారు చైర్మన్ గారు. "నివేదిక రాయండి పీఆర్వో గారూ. పటకారు ఎవరి చేతిలో ఉందో ఆమె పేరు రాసేయండి. వ్యక్తిగతంగా నాకు చాలా బాధగా ఉంది."

నిస్సి మొహం పాలిపోయింది. నివేదికలో పేరు పడితే ఆమె ఈ దీవిలో ఉండిపోతుంది. కళాశాల ఆమె డిగ్రీ రద్దు చేస్తుంది. ఈ రెండూ జరగడానికి నా కలం కదలడమే తరువాయి. కానీ ఆ అమ్మాయి ఏడవలేదు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, ఒక్క సంగతి చూడండి. సూది వేశాక మేము పెదవి మొద్దుబారిందో లేదో చూస్తాం. పెదవులు రెండూ కలిస్తేనే పలికే అక్షరాలుంటాయి. ప, బ, మ. ఆయన ఇప్పుడు అవి పలకలేరు. మిగతావన్నీ పలకగలరు."

"అయితే?"

"నా పేరు దాసరి నిస్సి. అందులో పెదవితో పనిలేదు. ఆయన చెప్పాలనుకున్నది నా పేరే అయితే ఇందాకే హాయిగా చెప్పేసేవారు. చెప్పలేకపోతున్నారంటే అది నా పేరు కాదు."

 ఇన్‌స్పెక్టర్ 'దాసరి నిస్సి' అని రెండుసార్లు పెదవి కదపకుండా అనుకుని చూసింది. చిరునవ్వు వచ్చింది.

"తెలివైన పిల్లే. బాబూ ఎర్రన్నా, ఒక పాలి 'దాసరి నిస్సి' అను."

"దాసరి నిస్సి," అన్నారు మంత్రి గారు. గంట కొట్టినట్టు పలికింది.

"చూశారా," అంది నిస్సి.

"విన్నాం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "పీఆర్వో గారూ, నమోదు చేయండి. ఎవరని అడుగగా, రోగి, స్పష్టమైన స్వరంతో, 'దాసరి నిస్సి' అని పలికెను."

"సార్, ఆమె అనమంటే అన్నారు."

"సాక్షిని అడిగాకే కదమ్మా చెబుతాడు."

"పెదవి సంగతి..."

"పెదవులు కలవకుండా పలకడాన్ని నిరోష్ఠ్యం అంటారు. అది కవుల విద్య. సాక్ష్యం కాదు."

నేను నమోదు చేశాను. అక్షరదోషం లేకుండా రాశానని గుర్తు.

*

భోజనాలయ్యాక చైర్మన్ గారు నిస్సిని పక్క గదిలోకి పిలిచారు. నివేదిక నా దగ్గర ఉంది గనక నన్నూ పిలిచారు. బల్ల మీద కాజాలున్నాయి. ఒకటి ఆమె ముందుకి జరిపారు.

"తిను తల్లీ. పొద్దున్నుంచీ ఏం తిన్లేదంట."

"వద్దు సార్."

"కోపమొచ్చిందా? ఏంటమ్మా ఇది, కాలేజీ మనదే, పిల్లలు మనవాళ్లే. నిన్ను ఇక్కడొదిలేసి పోతానా నేను? నివేదిక మార్చేద్దాం. పీఆర్వో గారూ, ఏమని రాయొచ్చు?"

"'పన్ను తనంతట తానే వెలుపలికి వచ్చెను' అని రాయవచ్చు సార్."

"అదిగో. ఎవరి పేరూ ఉండదు. సాయంత్రం చదువుతాం. ఆయన కాదనకపోతే మౌనం అర్ధాంగీకారం. తలుపు తీస్తారు. అందరం విమానమెక్కుతాం. నెల తిరక్కుండా నువ్వు డాక్టరువి. గోల్డ్ మెడల్ కూడా ఈసారి..." ఆయన ఆగారు. "ఒకటే ఇబ్బంది. ఆయన పెదవి కదులుతోందంట. పరాంకుశం గారి చెయ్యి వణుకుతోంది. నీ చెయ్యి తేలిక. ఇంకొక్క సూది వేసిపెట్టు తల్లీ."

"అవసరం లేకుండా మూడో సూదా సార్?"

"అవసరం ఎందుకు లేదు? నీకుంది."

నిస్సి తన కుడిచేతి వంక చూసుకుంది.

"సార్, పొద్దున పటకారు మీద చేతులన్నిటికీ అడుగున ఉన్నది నా చెయ్యి," అంది నెమ్మదిగా. "పైనున్నవాళ్లకి తెలియదు. అడుగున ఉన్న చేతికి తెలుస్తుంది, ఎవరు ఊరికే పెట్టారో, ఎవరు తిప్పి లాగారో."

చైర్మన్ గారు కాజా విరిచారు. పాకం కోటు మీద కారింది.

"తెలిస్తే తెలిసింది," అన్నారు. "పొద్దున్నుంచీ 'నేను తీయలేదు' అంటున్నావు గానీ, ఎవరు తీశారో ఒక్కసారి కూడా అనలేదు. తెలివైన పిల్లవి. అలాగే ఉండు."

అది నిజమే. పొద్దున్నుంచీ ఆ హాల్లో ఎవరూ ఆ ఒక్క మాట అనలేదు. నలభై మందిలో సగం మంది సెల్ఫీ మధ్యలో తల తిప్పి చూసినవాళ్లే. నేను ప్రిన్సిపాల్ గారి మోచేయి పట్టుకున్నాను, అది ఎటు కదిలిందో, ఏ చెయ్యి దాన్ని లాక్కుపోయిందో నాకూ తెలుసు. అయితే నేను నివేదిక రాసేవాణ్ణి. నాకు తెలియబడకూడదు.

*

సాయంత్రం అందరూ హాల్లోకి వచ్చారు. విమానం రన్‌వే మీద నిలబడి ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది. ఆ దీవిలో కిటికీలోంచి అన్నీ కనిపిస్తాయి. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరే ఉంది. మంత్రి గారు కుర్చీలో ఉన్నారు. నిస్సి సూది పట్టుకుని ఆయన పక్కకి వెళ్లింది. ఆమె భుజాలు ముడుచుకున్నాయి గానీ చెయ్యి మాత్రం కదల్లేదు. చైర్మన్ గారు నాకు సైగ చేశారు. సూది పడగానే చదవాలి.

నిస్సి ఆయన మీదికి వంగింది.

"పెదవి మొద్దుగా ఉందా సార్?" అంది. ప్రతి రోగినీ అడిగే మాటే.

"తిమ్మిరి దిగిపోతన్నాదమ్మా," అన్నారు మంత్రి గారు.

రెండు మకారాలూ వచ్చాయి. రెండూ ఒత్తులతో సహా వచ్చాయి, మధ్యలో పకారం కూడా వచ్చింది. హాలంతా విన్నది.

"వేసెయ్యమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "రోగి బాధలో ఉన్నారు."

"బాధ లేదంటున్నారు సార్."

"వేయబడవలెను."

నిస్సి సూదికి మూత పెట్టింది. దాన్ని పళ్లెంలో, ఆ పన్ను పక్కన ఉంచింది.

చైర్మన్ గారు నా వైపు చూశారు. నేను వెంటనే చదవడం మొదలెట్టాను. నా వృత్తిలో వేగం ముఖ్యం. "అమృత హస్తాలతో ప్రారంభించబడిన శిబిరమందు, ఫొటో తీయబడుచున్న సమయమున, గౌరవనీయ ఆర్థిక మంత్రి వారి దంతము, ఎవరి ప్రమేయమూ లేకుండ, తనంతట తానే వెలుపలికి వచ్చినట్లుగా నిర్ధారించబడినది. ఇందుకు అభ్యంతరము లేనట్లుగా భావించబడుచున్నది."

"ఆగు బాబూ," అన్నారు మంత్రి గారు.

ఆయన పెదవి చేత్తో నొక్కి చూసుకుని, రుమాలుతో తుడుచుకుని, లేచి కూర్చున్నారు.

"అబ్బంతరం ఉన్నాది."

ఇన్‌స్పెక్టర్ తలుపు వదిలి ముందుకి వచ్చింది. "సెప్పు బాబూ. ఎవురు పీకినారు?"

"నాను సెప్పను."

చైర్మన్ గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అది తొందరపాటు.

"నాను మంత్రిని," అన్నారు ఎర్రన్న గారు. "నాను పేరు సెబితే రేప్పొద్దున ఈళ్లు ఇమానం దిగి, రాజకీయం సేసినాడంతారు. ఆళ్లలో ఒకలు సెప్పాల. ఇంతమంది సదువుకున్నోళ్లున్నారు." ఆయన హాలు చివరిదాకా చూశారు. నలభై తెల్లకోట్లు. వేదిక మీది పెద్దలు. కాగితం పట్టుకుని నేను. "నాకంటే సూది పొడిసినారు, రెండు పక్కలా. నా నోరు మొద్దుబారింది. మీకెవులు పొడిసినారు బాబూ?"

 బయట విమానం ఇంజను మొదలైంది.

"ఇది మా అంతర్గత విషయం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "తగిన సమయంలో తగిన విధంగా తెలియజేయబడుతుంది."

"నిస్సీ," అన్నారు చైర్మన్ గారు. గొంతు చాలా మెత్తగా ఉంది. "ఇంకో నెలే తల్లీ."

నిస్సి ఆయన వంక చూసింది. తర్వాత కోటు విప్పింది. మడత పెట్టి కుర్చీ చేతి మీద వేసింది. జేబు మీద కళాశాల పేరు పైకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"నాకు తెలుసు మేడమ్," అంది. "నా చేతి మీదే లాగారు."

"ఎవురు?"

"చైర్మన్ బొప్పూడి భూపాల్‌బాబు గారు పీకారు."